ఠాకురాణి యాత్రకు వచ్చేవాళ్ళ కోసం వీధిలో సేవా పందిరి ఎలా నడపాలి?

ఒడిశాలోని బరంపురంలో రెండేళ్ళకోసారి, చైత్రమాసం వేళ, బుఢీ ఠాకురాణి యాత్ర జరుగుతుంది. అమ్మవారు బడాబజారు గుడి విడిచి దేశీబెహరా వీధిలో కట్టిన తాత్కాలిక మందిరానికి, అంటే పుట్టింటికి వస్తుంది. ఈ ప్రాంతాన్ని ఏలిన మహురి రాజుల కాలంలో ఆంధ్ర వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ నేతవాళ్ళది ఈ యాత్ర. ఇక్కడ వాళ్ళని దేరాలంటారు. నెల్లాళ్ళకు అటూ ఇటూగా ప్రతి రాత్రీ ఘటాలు, అంటే ఆడవాళ్ళు తలమీద మోసే అమ్మవారి కుండలు, వీధులు తిరుగుతాయి. ఆడపడుచు పుట్టింటికొచ్చిన పండగ గనక, ఆ రోజుల్లో చుట్టాలు దిగని ఇల్లుండదు. ఇచ్ఛాపురం, సోంపేట, పలాస నుంచి, పర్లాకిమిడి, రాయగడ నుంచి మనవాళ్ళు వస్తారు. గంజాం పల్లెల నుంచి ఒడియావాళ్ళు బళ్ళు కట్టుకుని వస్తారు.

వీళ్ళ కోసం వీధి కుర్రాళ్ళు పందిరి వేస్తారు. చాలాచోట్ల డబ్బంతా మైకుకీ లైట్లకీ అయిపోయి, మజ్జిగ మొదటి గంటలోనే అడుగంటుతుంది. వచ్చిన మనిషికి కావలసినవి నాలుగు: నీళ్ళు, నీడ, దారి, జనంలో తప్పిపోయినవాళ్ళు దొరకడం. ఈ నాలుగూ సరిగ్గా కుదిరాకే మగ్గం చూపించడం, ఫొటోలు, తక్కినవి. ఖర్చు రాసుకునేటప్పుడూ ఇదే వరసలో రాసుకోండి.

చోటు, అనుమతులు

యాత్ర మొదలవడానికి నెల ముందే చోటు చూసుకోండి. ఘటాలు వచ్చే వీధి నోట్లో పందిరి వెయ్యకండి. అక్కడ జనం ఆగితే వెనకాల తోపులాట మొదలవుతుంది. వీధి మలుపు దాటాక పదిహేను ఇరవై అడుగులు లోపలికి, ఒక పక్కగా, గోడకి ఆనించి వెయ్యాలి. పందిరికీ ఎదుటి గోడకీ మధ్య కనీసం 12 అడుగులు ఖాళీ ఉండాలి. 108 అంబులెన్సు రావాలన్నా అంత చోటు కావాలి. నిచ్చెన తీసుకుని పైన తీగలు చూడండి. కరెంటు తీగ కింద పందిరి అసలే వద్దు.

కార్పొరేషనుకొకటి, పోలీసు స్టేషనుకొకటి అర్జీలు ఇచ్చి, తీసుకున్నట్టు సంతకం, ముద్ర వేయించుకున్న నకళ్ళు పందిట్లో ఉంచండి. కరెంటుకి తాత్కాలిక కనెక్షన్ తీసుకోండి. స్తంభం మీద తీగ తగిలించడం ఎన్నేళ్ళ అలవాటైనా మానాలి. నీళ్ళు ఒలికే చోట, చెప్పుల్లేని కాళ్ళ మధ్య అంతకన్నా ప్రమాదం లేదు. మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. లీకేజీ రాగానే అది కరెంటు ఆపేస్తుంది. దాని మీదున్న టెస్టు బటన్ రోజూ సాయంత్రం ఒకసారి నొక్కి చూడండి.

పందిరి కొలతలు

20 అడుగుల పొడుగు, 10 అడుగుల వెడల్పు చాలు. ఎత్తు మాత్రం 10 అడుగులకు తగ్గించకండి. ప్లాస్టిక్ టార్పాలిన్ ఒక్కటే కప్పితే మధ్యాహ్నానికి లోపల ఉడికిపోతుంది. టార్పాలిన్‌కి అడుగున్నర పైన పచ్చ షేడ్ నెట్ ఇంకో పొర కట్టండి. రెండింటి మధ్య గాలి ఆడుతుంది కాబట్టి వేడి కిందికి దిగదు. తాటాకు చల్లగా ఉంటుంది కానీ బాణసంచా కాల్చే రోజుల్లో నిప్పురవ్వ పడితే ఆపలేం. ఆరు కిలోల ఏబీసీ ఫైర్ సిలిండర్ ఒకటి, ఇసక బకెట్లు రెండు, ఎవరికీ అడ్డం కాని చోట కాక అందరికీ కనబడే చోట పెట్టండి. పది కుర్చీలు, రెండు నులక మంచాలు వేస్తే సరిపోతుంది. వాటి ముందు తెర కట్టుకునేందుకు తాడు ఉంచుకోండి.

నీళ్ళు

ఒక సాయంత్రం పదిహేను వందల మంది ఆగుతారనుకుంటే మనిషికి రెండు గ్లాసుల లెక్కన మూడు వేల గ్లాసులు. గ్లాసు 200 మిల్లీలీటర్లనుకుంటే 600 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు ముప్పై. చివరి నాలుగైదు రోజులు దీనికి రెట్టింపు సిద్ధం చేసుకోవాలి. ట్యాంకరు నీళ్ళయితే క్లోరిన్ మాత్రలు వెయ్యండి. ఎన్ని లీటర్లకి ఒకటని అట్ట మీద ఉంటుందో అంతే వేసి, అరగంట ఆగాక పొయ్యండి. వేసిన వెంటనే పోస్తే వాసన తప్ప ఫలితం ఉండదు.

మట్టికుండలు పెడితే అందంగా ఉంటుంది, నీళ్ళూ చల్లబడతాయి. కొత్త కుండని ఒక రోజంతా నీళ్ళలో నానబెట్టి, కడిగి, మొదటి నీళ్ళు పారబోసి వాడాలి. అయితే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. కుండ చెమ్మ బయటికి ఊరి ఆరిపోతుంటేనే నీళ్ళు చల్లబడతాయి. బరంపురం సముద్రానికి దగ్గర. గాలిలో తేమ ఎక్కువ కాబట్టి రాయగడ వైపు కుండ చల్లబడినంతగా ఇక్కడ చల్లబడదు. గోడ వార మూలలో పెడితే అసలే పని చెయ్యదు. ఇసక పోసిన మూడడుగుల అరుగు మీద, గాలి తగిలేచోట, కుండకీ కుండకీ మధ్య జానెడు ఎడం ఉంచి, పైన తడిగుడ్డ చుట్టి పెట్టండి. ప్రతి కుండకీ కుళాయి ఉంటే మంచిది. లేకపోతే పొడుగు కాడ గరిటె ఒకటి. గ్లాసు ముంచనివ్వకండి. ఒక్క చెయ్యి మునిగినా కుండెడు నీళ్ళూ పారబోయవలసిందే.

ప్లాస్టిక్ గ్లాసులు 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధం. స్టీలు గ్లాసులు 120 కొనుక్కోండి, రెండేళ్ళకోసారి అవే పనికొస్తాయి. కడగడానికి మూడు తొట్లు. మొదటిదాంట్లో సబ్బునీళ్ళు, రెండోదాంట్లో మంచినీళ్ళు, మూడోదాంట్లో 20 లీటర్ల నీళ్ళకి 3 గ్రాముల బ్లీచింగ్ పౌడరు. మూడో తొట్లో రెండు నిమిషాలుంచి, బోర్లించి ఆరనివ్వాలి, గుడ్డతో తుడవకూడదు. తెరిచి చాన్నాళ్ళైన పౌడరుకి బలం పోతుంది. కొత్త పొట్లం తెప్పించుకుని, మూత బిగించి పెట్టుకోండి.

మజ్జిగ

ఒక లీటరు గట్టి పెరుగుకి నాలుగు లీటర్ల నీళ్ళు. అంటే వెయ్యి గ్లాసులకి 40 లీటర్ల పెరుగు, 160 లీటర్ల నీళ్ళు, కిలో ఉప్పు, కిలో అల్లం, అరకిలో పచ్చిమిరపకాయలు. అల్లం, మిరప నూరి, గుడ్డలో వడగట్టి రసం మాత్రమే కలపండి. ముక్కలు పిల్లల గొంతులో అడ్డం పడతాయి. కరివేపాకు నలిపి వేసి తీసెయ్యండి.

మొత్తం ఒక్కసారే కలపడం అందరూ చేసే తప్పు. సాయంత్రం ఐదుకి కలిపింది తొమ్మిదికి పులిసి, పైన నీరు తేలిపోయి, అడుగున ముద్ద మిగులుతుంది. నాలుగు లీటర్ల పెరుగుతో 20 లీటర్లు కలపండి, అయ్యాక మళ్ళీ కలపండి. కలిపింది రెండు గంటలు దాటనివ్వకండి. పెరుగు ఐసు పెట్టెలో ఉండాలి. ఐసు ఫ్యాక్టరీ దిమ్మ మజ్జిగలో వెయ్యకండి, అది తాగడానికి చేసింది కాదు. పెద్ద తొట్లో ఐసు పోసి, మజ్జిగ బిందెని అందులో కూచోబెట్టండి.

ఏప్రిల్ నడుమ పణా సంక్రాంతి వస్తుంది. ఒడియావాళ్ళకి కొత్త సంవత్సరం. యాత్ర రోజుల్లో ఆ పండగ పడితే మజ్జిగ పక్కన మారేడు గుజ్జుతో బెల పణా ఇవ్వండి. మారేడు గుజ్జు చేత్తో పిసికి, గింజా పీచూ తీసి, బెల్లం, మిరియాల పొడి, కొబ్బరి కోరు కలిపితే చాలు. ఛెనా (విరిగిన పాల ముద్ద), అరటిపండు ఇంట్లో తాగేదాంట్లో వేసుకుంటారు. ఎండలో నిలవుండే పందిరికి అవి వద్దు. మనం ఇచ్చిన ఆ గ్లాసు చూసి ఒడియా పెద్దవాళ్ళ ముఖంలో కనిపించే సంతోషం ఏ బ్యానరుతోనూ రాదు.

అన్నదానం పెట్టాలని ఉత్సాహం చాలామందికి ఉంటుంది. అనుభవమున్న వంటవాళ్ళూ వేరే చోటూ ఉంటే తప్ప దాని జోలికి పోకండి. ఒక్క పులిసిన కూర వంద మందిని పడగొడుతుంది.

రెండు భాషల బోర్డులు

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఇప్పుడు మన పిల్లలు చాలామంది ఒడియా బడిలోనో ఇంగ్లీషు బడిలోనో చదువుతున్నారు. తెలుగు చక్కగా మాట్లాడతారు, రాయడం రాదు. అందుకే బోర్డు రాయించేముందు తెలుగు చదువుకున్న పెద్దవాళ్ళ చేత కాగితం మీద రాయించండి. ఫ్లెక్సీ అచ్చు అయ్యేముందు ఒకసారి, అయ్యాక ఒకసారి చదివించండి. కంప్యూటర్లో ఫాంటు మారి ఒత్తులు ఊడిపోవడం మామూలే. ఒడియా బోర్డుకీ ఇదే పద్ధతి. దాన్ని ఒడియా మాష్టారు చూడాలి.

ఒక బోర్డు మీద ఒక్క మాట, ఒక్క బాణం. పైన ఒడియా, కింద తెలుగు, అక్షరం ఎత్తు నాలుగంగుళాలకు తగ్గకుండా. తెల్లటి నేల మీద నల్లక్షరాలు రాత్రి దీపాల్లో బాగా కనబడతాయి. ఎరుపు మీద పసుపు పగలు బాగున్నా రాత్రి కలిసిపోతుంది. కట్టే ఎత్తు ఏడడుగులు. అంతకన్నా కిందికి కడితే జనం తలలు అడ్డం. చదవడం రానివాళ్ళ కోసం చెంబు, చెప్పులు, పిల్లవాడి చెయ్యి పట్టుకున్న అమ్మ, ఇలా బొమ్మ ఒకటి వెయ్యండి.

దారి చెప్పే కుర్రాళ్ళకి నాలుగు ఒడియా మాటలు గొంతులో ఆడాలి. మన వీధుల్లో పుట్టినవాళ్ళకి వస్తాయి. ఇచ్ఛాపురం నుంచో ఇంకెక్కడి నుంచో సాయానికొచ్చిన బంధువుల పిల్లలకి నేర్పాలి. ‘ఏఠి బసంతు’ అంటే ఇక్కడ కూచోండి. ‘పాణి దరకార్ కి?’ అంటే నీళ్ళు కావాలా. కుడి డాహాణ, ఎడమ బాఁ, తిన్నగా సిధా. ‘డరంతు నాహిఁ’ అంటే భయపడకండి. ఒక చిక్కు ముందే చెప్పాలి. గ్లాసు నిండాక మనవాళ్ళు ‘చాలు, చాలు’ అంటారు. ఒడియాలో ‘చాల’ అంటే పద, నడు. తాగుతున్న ముసలాయన తనని తోలేస్తున్నారనుకుని గ్లాసు దించి వెళ్ళిపోతాడు. చెయ్యి అడ్డం పెట్టి తల ఊపడం నేర్పండి.

దారి చెప్పేటప్పుడు ‘కాస్త ముందుకెళ్ళండి’ అనకండి. పందిరి నుంచి అమ్మవారి మందిరానికి, బడాబజారు గుడికి, దగ్గరి మరుగుదొడ్డికి, ఆటోలు దొరికే చోటికి మీరే పెద్దవాళ్ళ నడకన నడిచి ఎన్ని నిమిషాలో చూసి, ఆ అంకె గోడ మీద రాసి పెట్టండి. ఆడవాళ్ళు మరుగుదొడ్డి గురించి మగపిల్లల్ని అడగరు. విచారణ బల్ల దగ్గర ఎప్పుడూ ఒక ఆడమనిషి ఉండాలి.

తప్పిపోయినవాళ్ళు

పందిరి పెట్టినందుకు మిగిలే పుణ్యమంతా ఇక్కడే. మిగతా పనులు కొంచెం అటూ ఇటైనా ఫరవాలేదు, ఇది కాకూడదు.

ముందు తప్పిపోకుండా చూడటం. పందిట్లో గుడ్డ పట్టీలు పెట్టుకుని, వచ్చిన ప్రతి పిల్లకీ చేతికి కట్టండి. పట్టీ లోపలి వైపు అమ్మానాన్నల ఫోను నంబరు మాత్రమే రాయాలి. పేరు బయటికి కనబడేలా రాయకండి. పేరు పెట్టి పిలిస్తే పిల్లలు ఎవరి వెంటైనా వెళ్ళిపోతారు. బాల్‌పెన్ను చెమటకి అలుక్కుపోతుంది. చెరగని మార్కరుతో రాసి, పైన పారదర్శకమైన టేపు అంటించండి. అర మీటరు తెల్ల కోరా గుడ్డ నుంచి అంగుళం వెడల్పున చింపితే ఎన్నో పట్టీలు వస్తాయి. ముడి వదులుగా, ఒక వేలు దూరేలా వెయ్యండి.

పిల్ల దొరికితే ఇలా చెయ్యండి. ఇద్దరు ఆడవాళ్ళు తీసుకుని తెర వెనక కాకుండా, నలుగురికీ కనబడే చోట కూచోబెట్టాలి. ఒక్కరే ఎప్పుడూ ఉండకూడదు. ముందు నీళ్ళు, ఒక బిస్కెట్టు. ఏడుపు ఆగాకే ప్రశ్న. ‘మీ ఊరేది’ అని మొదలుపెట్టకండి, మూడేళ్ళ పిల్లకి ఊరు తెలీదు. ‘అమ్మ ఏ రంగు చీర కట్టుకుందమ్మా?’, ‘మీరు ఆటోలో వచ్చారా, రైల్లో వచ్చారా?’ అని అడగండి. ఒడియా పిల్లయితే ‘తుమ నాఁ కణ?’, ‘కాహా సాంగరే ఆసిథిల?’ అంటే పేరేంటి, ఎవరితో వచ్చావు. దొరికిన చోటు, సమయం, తెచ్చినవాళ్ళ పేరు, ఫోను పుస్తకంలో రాయండి.

మైకులో పిల్ల పేరూ, వయసూ, బట్టల రంగూ చెప్పకండి. అవన్నీ చెప్పేస్తే ఎవరైనా వచ్చి ‘మా పిల్లే’ అంటారు, అడగడానికి మన దగ్గర ప్రశ్న మిగలదు. ‘మా పందిట్లో ఒక పాప క్షేమంగా ఉంది, కనబడక వెతుకుతున్నవాళ్ళు రండి’ అని మాత్రమే తెలుగులో రెండుసార్లు, ఒడియాలో రెండుసార్లు చెప్పండి. వచ్చినవాళ్ళని పిల్లకి చూపించేముందే బట్టలు, ఒంటి మీద గుర్తు, చేతిలో ఉన్న వస్తువు అడగండి. ఫోనులో పిల్ల ఫొటో చూపించమనండి. పిల్ల వాళ్ళని చూసి ఎగబడుతుందా, వెనక్కి జరుగుతుందా గమనించండి. వెనక్కి జరిగితే, ఎంత ఏడ్చినా, ఎంత గదమాయించినా, పోలీసు వచ్చేదాకా అప్పజెప్పొద్దు. పిల్ల ఫొటో వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం కూడా వద్దు. పెట్టింది వెనక్కి రాదు.

పందిట్లో ఉన్న పోలీసుకి పిల్ల వచ్చిన నిమిషంలోనే చెప్పాలి. లేకపోతే అత్యవసర నంబరు 112కి గానీ, పిల్లల సహాయవాణి 1098కి గానీ ఫోను. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం ఇలా దొరికిన పిల్లల సంగతి 24 గంటల్లోగా తెలియజెయ్యాలి. మనం గంటలు లెక్కపెట్టుకుంటూ కూచోకూడదు. అరగంటలో ఎవరూ రాకపోతే పోలీసు చేతికి అప్పగించి, సంతకం తీసుకోండి.

తప్పిపోయేది పిల్లలే కాదు. ఉద్దానం పల్లెల నుంచి వచ్చిన పెద్దావిడకి కొడుకు ఫోను నంబరు తెలీదు, ఊరి పేరు ఒక్కటే తెలుసు. ఆవిడని ‘ఎవరింటికొచ్చావమ్మా?’ అని అడగండి. యాత్రకి వచ్చినవాళ్ళలో చాలామంది ఎవరో ఒకరింటికి చుట్టాలుగా వచ్చినవాళ్ళే. ఆ ఇంటి పేరు, వాళ్ళు చేసే పని, వీధిలో వేపచెట్టుందా, రామమందిరముందా అని అడుగుతూ పోతే మన వీధుల్లో ఎవరికో ఒకరికి తడుతుంది.

ఎండదెబ్బ

తల తిరగడం, చెమటలు, కాళ్ళ పిక్కలు పట్టెయ్యడం ఇవి మొదటి గుర్తులు. నీడలో పడుకోబెట్టి, కాళ్ళ కింద దిండు పెట్టి, ఓఆర్‌ఎస్ కొంచెం కొంచెంగా తాగించండి. పెద్ద పొట్లం లీటరు నీళ్ళకి. సగం పొట్లం గ్లాసులో కలిపి ఇవ్వడం తప్పు, చిక్కగా కలిస్తే మేలుకి బదులు కీడు. పొట్లం లేకపోతే లీటరు నీళ్ళకి ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, తల కొట్టి కొలిచి. కలిపింది మర్నాటికి ఉంచకండి.

ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడి, ఎక్కడున్నాడో తెలియకపోతే అది వడదెబ్బ. వెంటనే 108. అది వచ్చేలోగా బట్టలు వదులు చేసి, తడిగుడ్డలతో ఒళ్ళంతా తుడిచి విసరండి. చంకల్లో, గజ్జల్లో గుడ్డలో చుట్టిన ఐసు పెట్టండి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్ళు పొయ్యకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మాత్రలు, ఏ మాత్రలైనా సరే, పందిట్లో ఇవ్వకూడదు. జ్వరం మాత్ర వడదెబ్బకి పనిచెయ్యదు.

మగ్గం చూపించడం

చేతిలో నాలుగు డబ్బులు మిగిలితే ఫ్లెక్సీ పెంచకుండా మగ్గం పెట్టండి. నేతవాళ్ళ పండక్కి వచ్చి, నేత చూడకుండా వెళ్ళిపోతున్నారు జనం. బరంపురం పట్టుకి భౌగోళిక గుర్తింపు ఉంది, ఫోడా కుంభ అంచంటే గుడి శిఖరాల వరస. అంచు చూసి అందరూ బాగుందంటారు, అది ఎలా పుడుతుందో ఎవరికీ తెలీదు.

గుంట మగ్గం వీధిలో కుదరదు, నేల తవ్వాలి. చెక్క చట్రంలో కూర్చే చిన్న నిలువు కాళ్ళ మగ్గం తెచ్చుకోండి. 12 అంగుళాల వెడల్పు చాలు. పట్టు పడుగు (నిలువు పోగులు) పెట్టకండి. కొత్త చేతులకి ప్రతి ఐదు నిమిషాలకీ పోగు తెగి, అతికే మనిషి అక్కడే కూచోవాలి. లావుపాటి నూలు, అంగుళానికి 24 పోగుల లెక్కన 288, రెండు అంచులకీ ఆరేసి కలిపితే 300 పోగులు. పడుగు పది మీటర్లు చేయిస్తే పండగంతా సరిపోతుంది. పన్నెలో (పోగుల్ని వరసగా ఉంచే దువ్వెన లాంటి చట్రం) పోగులు దూర్చడానికి తెలిసినవాళ్ళకే ఒక పూట పడుతుంది. ముందు రోజు రాత్రి పెట్టుకోకండి.

వచ్చినవాళ్ళకి ఇలా నేర్పండి. ఎడమ తొక్కుడు కర్ర నొక్కితే పడుగు రెండుగా తెరుచుకుంటుంది. ఆ సందులోంచి నాడె (పేక పోగుని మోసుకెళ్ళే కండె) కుడి నుంచి ఎడమకి విసరాలి. పేక పోగుని, అంటే అడ్డ పోగుని, బిగించి లాగకుండా కొంచెం వంపుగా వదలాలి. అప్పుడు పన్నె దగ్గరికి లాగి ఒక్క దెబ్బ. కుడి కర్ర నొక్కి మళ్ళీ. పోగు బిగిస్తే గుడ్డ నడుము సన్నబడి, అంచు పోగులు పన్నెకి ఒరుసుకుని పుటుక్కున తెగుతాయి. ఒకే కర్ర రెండుసార్లు నొక్కితే పోగు పట్టు దొరక్క వచ్చిన దారినే బయటికొచ్చేస్తుంది. ఇది చూపించినప్పుడు పిల్లల కళ్ళు విచ్చుకుంటాయి, నేతంటే ఏమిటో అక్కడ అర్థమవుతుంది. మనిషికి నాలుగు పోగులు, రెండు నిమిషాలు. ఆరుగురు నేస్తే అంగుళం గుడ్డ. గంటకి ముప్పై టోకెన్ల కన్నా ఎక్కువ ఇవ్వకండి. పన్నె ముందుకొచ్చేటప్పుడు పిల్లల వేళ్ళు అక్కడుంటాయి. ఒక మనిషి చెయ్యి ఎప్పుడూ పన్నె మీదే ఉండాలి.

పక్కన అసలు ఫోడా అంచు చీర ఒకటి పరచండి, అందనంత ఎత్తులో. చెమట చేతుల మరక పట్టు మీంచి పోదు. నేసే మనిషికి రోజు కూలి మాట్లాడి ముందే ఇవ్వండి. సేవ పేరు చెప్పి ఉచితంగా కూచోబెట్టడం న్యాయం కాదు.

వేషాలూ, ఫొటోలూ

పులి వేషం, తక్కిన వేషాలు కట్టేది మొక్కుబడితో. వేషం కట్టిన మనిషిని ఆపి సెల్ఫీ అడగొద్దని, తోక పట్టుకోవద్దని బోర్డు పెట్టండి. ఒళ్ళంతా పూసిన రంగు ముట్టుకుంటే చెరిగిపోతుంది, సరిదిద్దుకోడానికి మళ్ళీ గంటలు. వాళ్ళకి నీళ్ళు ఇవ్వబోయే ముందు అడగండి, కొందరు ఉపవాసం ఉంటారు. ఘటాలు వచ్చే వేళకి మైకు ఆపేసి, మజ్జిగ బల్ల లోపలికి జరపాలి. డోలూ మహురీ (సన్నాయి లాంటి వాద్యం) వినపడగానే చేసే పని ఇది. ఘటాల ముందు ఫ్లాష్ వెయ్యవద్దని చెప్పండి. తలమీద ఘటంతో నడిచే ఆడవాళ్ళకి కళ్ళు మిరుమిట్లు గొలిపితే అడుగు తప్పుతుంది.

చెప్పులు

చెప్పుల జతని దారంతో కట్టి, రెండు ఒకే అంకె బిళ్ళలు, ఒకటి చెప్పులకి, ఒకటి మనిషికి. బిళ్ళ పోగొట్టుకున్నవాళ్ళకి చివర్లో ఇవ్వండి. ఇంతకన్నా చెప్పేదేం లేదు.

తిరుగు ప్రయాణం

రాత్రి పదకొండు తర్వాత అందరూ అడిగేది బళ్ళ గురించే. ఆ వారం రైళ్ళ వేళలు ఇచ్ఛాపురం, పలాస, శ్రీకాకుళం రోడ్డు వైపు వెళ్ళేవి వేరుగా రాసి అంటించండి. శ్రీకాకుళం రోడ్డు స్టేషనంటే ఆమదాలవలస అని పక్కనే రాయండి. కొత్తవాళ్ళు శ్రీకాకుళం ఊళ్ళోనే దిగుతామనుకుంటారు. బయటి ఊళ్ళ బస్సులకి హల్దియాపదర్ కొత్త బస్టాండు. ఇంకోటి, దూరం నుంచి వచ్చేవాళ్ళకి ముందే ఫోనులో చెప్పవలసిన మాట. టికెట్టు తీసేటప్పుడు మన స్టేషను పేరు బ్రహ్మపుర్, కోడు బీఏఎమ్. బెంగాల్లో బెర్హంపూర్ కోర్ట్ అని ఇంకో స్టేషనుంది, దాని కోడు బీపీసీ. పేరు చూసి తొందరపడి అక్కడికి టికెట్టు తీసేవాళ్ళున్నారు.

మనుషులు, వంతులు

పొద్దున ఆరు నుంచి పది, సాయంత్రం నాలుగున్నర నుంచి ఎనిమిదిన్నర, ఎనిమిదిన్నర నుంచి పన్నెండున్నర. వంతుకి ఎనిమిదిమంది: నీళ్ళూ మజ్జిగా ఇద్దరు, విచారణ ఇద్దరు, పిల్లల దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు, చెప్పుల దగ్గర ఒకరు, అన్నీ చూసుకునేవారు ఒకరు. మధ్యాహ్నం నీడకొచ్చేవాళ్ళ కోసం ఇద్దరు చాలు. నాలుగు గంటలకి మించి ఎవర్నీ నిలబెట్టకండి. అలసిన కుర్రాడు కసురుకుంటాడు, ఆ కసురు ఊరంతా చేరుతుంది.

అమ్మవారు బడాబజారు గుడికి తిరిగివెళ్ళిన మర్నాడు మధ్యాహ్నందాకా పందిరి తియ్యకండి. పోయిన సంచి కోసం, చెప్పుల కోసం అప్పుడే వస్తారు. ఎవరూ రాని వస్తువులు జాబితా రాసి స్టేషనులో ఇవ్వండి. ఆ తర్వాత అందరూ కూచుని, ఏ రోజు ఎన్ని క్యాన్లు పట్టాయో, మజ్జిగ ఏ గంటకి అయిపోయిందో, ఎంతమంది పిల్లలు దొరికారో, ఏ బోర్డు ఎవరికీ కనబడలేదో ఒక పుస్తకంలో రాయండి. మళ్ళీ యాత్ర రెండేళ్ళకి. ఈలోగా సగం మంది కుర్రాళ్ళు సూరత్ మిల్లుల్లోకి వెళ్ళిపోతారు, వచ్చేసారి పందిరి వేసేది వేరే చేతులు. పుస్తకం, గ్లాసులు, కుళాయిలు, మగ్గం చట్రం అన్నీ ఒకే ఇంట్లో, వీధి పెద్ద దగ్గర పెట్టి, ఎవరింట్లో ఉన్నాయో పుస్తకం మొదటి పేజీలో రాసి, ఆ పేజీ ఫొటో సూరత్ వెళ్ళేవాళ్ళ ఫోనుల్లోకి పంపండి.